లాటిన్ చట్టాల్లో ‘సీ’: క్రియారూపం కంటే ముందు, మాట్లాడేది ఎవరో చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రోమన్ లా చదువుతూ, పక్కన సొంతంగా లాటిన్ నేర్చుకుంటున్న ఒక లా విద్యార్థిని అడిగారు: “గ్రామర్ పుస్తకంలో షరతు వాక్యాలు మూడు రకాలని ఉంది. మామూలుగా జరిగేది, జరగొచ్చేమో అనుకునేది, జరగనిది. చట్టం తెరిస్తే ఇందులో ఏదీ సరిగ్గా ఇమడట్లేదు. ‘ఒక్కీదెరిత్’ (చంపితే) అనేది ఏ రూపమో తేలదు. సెనేట్ తీర్మానంలో ‘ఎసెంత్’ అని ఉంది, అంటే అది జరగని సంగతా? తెలుగులో రాసేటప్పుడు అన్నిటికీ ‘చేసినచో’ అని పెట్టేయొచ్చా?”

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను: పెట్టేయకండి. ఎందుకో చెప్పాలంటే మిగతా రెండు ప్రశ్నల మీదుగా రావాలి.

మీ గ్రామర్ పుస్తకం తప్పేమీ చెప్పట్లేదు. కాకపోతే ఆ పట్టిక రోమన్ వక్త సిసిరో లాంటివాళ్ళ వచనాన్ని ముందు పెట్టుకుని తయారుచేసింది. చట్టంలో వాక్యం అలా ఊరికే పుట్టదు, ఎవరో ఒకరి అధికారంతో వస్తుంది. శాసనం నేరుగా ఆజ్ఞాపిస్తుంది. ప్రేటర్, అంటే న్యాయవ్యవహారాలు చూసే రోమన్ అధికారి, ‘నేను ఇది చేస్తాను’ అని ప్రకటిస్తాడు, లేదా జడ్జికి ఫలానా విధంగా తీర్పు చెప్పమని రాసిస్తాడు. వీలునామా రాసేవాడు తన ఆస్తి గురించి చెప్తాడు. ఒక్కోసారి వీళ్ళెవరో అన్నమాటను ఇంకొకరు తిరిగి చెప్తారు. ‘సీ’ (మన ‘-తే’, ఇంగ్లీషు ‘ఇఫ్’) తర్వాత వచ్చే క్రియారూపం చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది. అందుకే నా దగ్గర చదివేవాళ్ళను ‘ఇది ఇండికేటివా (ఉన్నదున్నట్టు చెప్పే రూపం), సబ్జంక్టివా (ఊహగానో, ఇంకొకరి మాటగానో చెప్పే రూపం)?’ అని నేను మొదట అడగను. ‘ఇది ఎవరి మాట?’ అని అడుగుతాను. (లాటిన్‌ను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఉచ్చారణ పాత పద్ధతిది, లాటిన్ ‘C’ అక్షరాన్ని ఎక్కడైనా ‘క’గానే చదవాలి.)

శాసనంతోనే మొదలుపెడదాం. పన్నెండు ఫలకాల చట్టం క్రీ.పూ. 451–450 నాటిది. అసలు ఫలకాలు పోయాయి. తర్వాతి రచయితలు ఉటంకించిన ముక్కలే మనకు మిగిలాయి. తన చిన్నప్పుడు పిల్లలు దీన్ని కంఠతా పట్టేవాళ్ళని సిసిరో రాశాడు. మొదటి ఫలకం ఇలా మొదలవుతుంది:

“సీ ఇన్ యూస్ వొకత్, ఈతో. నీ ఇత్, అంతెస్తామినో. ఇగితుర్ ఎమ్ కపితో.”

న్యాయస్థానానికి పిలిస్తే, వెళ్ళాలి. వెళ్ళకపోతే, సాక్షిని పిలవాలి. అప్పుడు పట్టుకోవాలి.

ఎవరు పిలిస్తే? ఎవరు వెళ్ళాలి? కర్త ఎక్కడా కనపడడు, పైగా వాక్యం మధ్యలోనే మారిపోతుంటాడు. పిలిచేది వాది, వెళ్ళాల్సింది ప్రతివాది, సాక్షిని పిలవాల్సింది మళ్ళీ వాది. ఇంగ్లీషులో కర్త లేకుండా వాక్యం నడవదు కాబట్టి అనువాదకులు బ్రాకెట్లలో పేర్లు చొప్పిస్తారు. మనకు ఆ తిప్పలు లేవు. నేను పైన రాసిన తెలుగు మూలం ఎంత పొదుపుగా ఉందో అంతే పొదుపుగా ఉంది, మూలంలో ఉన్న సందిగ్ధం కూడా అలాగే నిలిచింది. లాటిన్ చట్టం చదవడంలో తెలుగువాళ్ళకు పుట్టుకతో వచ్చిన వెసులుబాటు ఇదొకటి, వాడుకోండి.

ఇక క్రియలు చూడండి. ‘వొకత్’, ‘ఇత్’ రెండూ వర్తమాన ఇండికేటివ్. ఫలితం చెప్పే భాగంలో ‘ఈతో’, ‘కపితో’ అనే ‘-తో’ రూపాలు. ఇవి మన విధ్యర్థకం లాంటివి, చట్టాలకు ఇష్టమైన రూపం. ఇలా జరిగే అవకాశం ఎంత, జరగకపోవచ్చా అనే లెక్కలు శాసనం వెయ్యదు. పరిస్థితి ఇది, పని ఇది, అంతే. అందుకే చట్టంలో మీ పుస్తకంలోని రెండో రకం, అంటే ‘జరగొచ్చేమో’ అనే మెత్తటి సబ్జంక్టివ్, శాసనం నేరుగా మాట్లాడేచోట అరుదు.

ఎనిమిదో ఫలకంలోని రాత్రి దొంగ వాక్యం దీనికంటే బిగుతైనది: “సీ నొక్స్ ఫూర్తుమ్ ఫక్సిత్, సీ ఇమ్ ఒక్కీసిత్, యూరె కైసుస్ ఎస్తో.” రాత్రిపూట దొంగతనం చేస్తే, వాణ్ని చంపితే, న్యాయంగానే చచ్చినట్టు. రెండు ‘సీ’ల మధ్య ‘మరియు’ లేదు. మొదటి ‘సీ’లో కర్త దొంగ, రెండోదాంట్లో ఇంటివాడు. ఈ రెండు షరతులూ పక్కపక్కన పేర్చినవి కావు, ఒకటి మెట్టు, రెండోది దాని మీది మెట్టు. మొదటిది నిజమైతేనే రెండోదాని దాకా వెళ్తాం.

‘ఫక్సిత్’, ‘ఒక్కీసిత్’ అన్నవి పాతకాలపు రూపాలు. తర్వాతి లాటిన్‌లో వీటి స్థానంలో ‘ఫేకెరిత్’, ‘ఒక్కీదెరిత్’ వచ్చాయి. మీ చిక్కు ఇక్కడే. ‘ఒక్కీదెరిత్’ ప్రథమ పురుషలో ఫ్యూచర్ పర్ఫెక్ట్ (ముందు ముందు పూర్తయ్యే పని చెప్పేది) కావచ్చు, పర్ఫెక్ట్ సబ్జంక్టివ్ కావచ్చు, చూడ్డానికి రెండూ ఒకటే. రూపం చూసి తేల్చడం ఎవరివల్లా కాదు. అయితే ‘నేను’ అని వచ్చినచోట ఈ రెండూ విడిపోతాయి: ఫ్యూచర్ పర్ఫెక్ట్ అయితే ‘-రో’, సబ్జంక్టివ్ అయితే ‘-రిమ్’. కాబట్టి చట్టంలో మనిషి తన గురించి తాను షరతు పెట్టుకునే చోటు వెతకాలి. జస్టీనియన్ చక్రవర్తి చట్టం పాఠ్యపుస్తకం ‘ఇన్‌స్టిట్యూట్స్’ మూడో పుస్తకంలో, మాటిచ్చి కట్టుబడే ఒప్పందాల దగ్గర, అలాంటి ఉదాహరణలు ఉన్నాయి. “సీ ఇన్ కపితోలియుమ్ నోన్ అస్కెందెరో, దరె స్పొందేస్?” నేను కాపిటల్ కొండ ఎక్కకపోతే ఇస్తానని మాటిస్తావా? ఇంకొకటి “సీ దిగితో కైలుమ్ అత్తిగెరో”, నేను వేలితో ఆకాశాన్ని తాకితే. ‘అస్కెందెరో’, ‘అత్తిగెరో’, రెండూ ‘-రో’లే. చివరికి ఆకాశాన్ని తాకడం లాంటి అసాధ్యమైన సంగతికి కూడా సబ్జంక్టివ్ రాలేదు చూడండి! (అసాధ్యమైన షరతు పెట్టిన ఒప్పందం చెల్లదు. ‘తాకకపోతే’ అంటే మాత్రం షరతు లేనట్టే లెక్క, వెంటనే డబ్బు అడగొచ్చు.)

ఈ సాక్ష్యంతో, శాసనంలో నేరుగా వచ్చే ‘సీ క్విస్ ... ఒక్కీదెరిత్’ను ఫ్యూచర్ పర్ఫెక్ట్‌గా తీసుకోండి. అర్థంలో కూడా అదే కుదురుతుంది: ముందు చంపడం పూర్తవ్వాలి, తర్వాతే బాధ్యత మొదలవుతుంది. ‘ఎవరైనా’ అనేదానికి ‘అలిక్విస్’ బదులు ‘క్విస్’ ఎందుకొచ్చిందంటారా, ‘సీ’, ‘నిసి’, ‘నే’, ‘నుమ్’ల తర్వాత ‘అలి’ రాలిపోతుంది. అంతకుమించి అందులో రహస్యం లేదు.

‘సీ’ లేని షరతులూ ఉన్నాయి, చాలామంది వాటిని షరతుగా గుర్తుపట్టరు. సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 287 నాటిదని చెప్పే అక్విలియన్ చట్టం తీసుకోండి. డైజెస్ట్‌లో (జస్టీనియన్ చేయించిన, న్యాయవేత్తల రాతల సంకలనం) ఉన్న పాఠంలో, పరాయివాళ్ళ బానిసనో పశువునో అన్యాయంగా చంపడం గురించిన మొదటి అధ్యాయం ‘క్వీ’తో, అంటే ‘ఎవడు చంపుతాడో వాడు’ అనే ధోరణిలో నడుస్తుంది. ఇతర నష్టాల గురించిన మూడో అధ్యాయం ‘సీ క్విస్’తో నడుస్తుంది. చట్టపరంగా తేడా ఏమీ లేదు. మన ఐపీసీలో సెక్షన్లు ‘హూఎవర్’ అని మొదలయ్యేవి కదా, అది ‘క్వీ’ దారే. ఇలాంటిచోట ‘ఎవరైతే’ అన్నా ‘ఎవరైనా చేస్తే’ అన్నా నాకు అభ్యంతరం లేదు, ఒక పత్రం మొత్తంలో ఒకటే పద్ధతి పాటిస్తే చాలు.

ఇప్పుడు ‘ఎసెంత్’ సంగతి. క్రీ.పూ. 186లో మద్యదేవుడు బాకస్ ఆరాధన బృందాలను కట్టడి చేస్తూ సెనేట్ తీర్మానం చేసింది. దాన్ని కాన్సుల్స్, అంటే రోము అత్యున్నత అధికారులు, ఉత్తరంగా పంపితే, కంచు ఫలకం మీద చెక్కారు. ఆ ఫలకం 1640లో దక్షిణ ఇటలీలోని తిరియోలోలో దొరికింది, ఇప్పుడు వియన్నాలో ఉంది. అందులో “సెయ్ క్వేస్ ఎసెంత్” అని వస్తుంది, తర్వాతి స్పెల్లింగులో ‘సీ క్వీ ఎస్సెంత్’. మీరు నేర్చుకున్న పట్టిక ప్రకారం అది ఇంపెర్ఫెక్ట్ సబ్జంక్టివ్, కాబట్టి ‘ఉండి ఉంటే (కానీ లేరు)’ అవ్వాలి. కానీ ఆ వాక్యం చెప్పేది, బాకస్ స్థలం తమకు తప్పనిసరి అనేవాళ్ళు ఎవరైనా ఉంటే రోముకు ప్రేటర్ దగ్గరికి రావాలని. అలాంటివాళ్ళు ఉన్నారనే కదా ఈ హడావుడంతా.

మరి సబ్జంక్టివ్ ఎందుకు? ఇది సెనేట్ నోటి మాట కాదు, సెనేట్ ఇలా తీర్మానించిందని కాన్సుల్స్ తిరిగి చెప్తున్న మాట. ‘కెన్సువేరె’, అంటే ‘నిర్ణయించారు’ అనే గతకాలపు క్రియ కింద మొత్తం వేలాడుతోంది. నేరుగా చెప్పి ఉంటే భవిష్యత్ ఇండికేటివ్‌లో ఉండాల్సిన షరతు, తిరిగి చెప్పే మాటలో పడేసరికి ఇంపెర్ఫెక్ట్ సబ్జంక్టివ్ అయింది. అదే ఫలకంలో మరణశిక్ష గురించిన వాక్యంలో ‘ఫేకిసెంత్’ అని ప్లూపర్ఫెక్ట్ కనిపిస్తుంది. అది కూడా అంతే, ‘ఫేకెరింత్’ అని ఉండాల్సింది ఒక మెట్టు వెనక్కి జరిగింది. తెలుగులో ఈ పని అంతా ఒక్క ‘అని’ చేసేస్తుంది, క్రియను కదపాల్సిన పనిలేదు. ‘ఎవరైనా ఉంటే రావాలని నిర్ణయించారు’ అని రాయండి. ‘ఉండి ఉంటే’ అని రాశారంటే అర్థం తలకిందులైపోతుంది.

అదే రూపం నిజంగానే ‘కానిదాన్ని అయినట్టు’ చెప్పే చోటు కూడా ఉంది. నాకు ఈ సబ్జెక్ట్ మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఇదే. క్రీ.శ. రెండో శతాబ్దపు న్యాయవేత్త గాయుస్ రాసిన ‘ఇన్‌స్టిట్యూట్స్’ నాలుగో పుస్తకం తెరవండి. (ఈ పుస్తకం వెరోనాలో, సెయింట్ జెరోమ్ ఉత్తరాల కింద చెరిపేసిన రాతగా దాక్కుని ఉంటే 1816లో చరిత్రకారుడు నీబూర్ కంటపడింది.) ప్రేటర్ జడ్జికి రాసిచ్చే ఆదేశపత్రాన్ని ఫార్ములా అంటారు. మామూలు అప్పు కేసులో దాని ఎముకలగూడు ఇలా ఉంటుంది: తితియుస్ జడ్జిగా ఉండాలి, “సీ పారెత్”, నుమేరియుస్ నెగిదియుస్ ఔలుస్ అగేరియుస్‌కు పదివేల సెస్టర్షులు ఇవ్వాల్సి ఉందని తేలితే, “కొందెమ్నాతో”, శిక్ష వెయ్యాలి, “సీ నోన్ పారెత్, అబ్సొల్వితో”, తేలకపోతే వదిలెయ్యాలి. పేర్లు చూసి భయపడకండి, మన లెక్కల పుస్తకాల్లో రాము, సోము లాంటివాళ్ళే. అగేరియుస్ అంటే దావా వేసేవాడు, నెగిదియుస్ అంటే కాదనేవాడు.

‘పారెత్’ ఇండికేటివ్. ఇది జడ్జికి పని అప్పగించే ‘సీ’: వెళ్ళి విచారించి తేల్చు. దీని పక్కన గాయుస్ ఇచ్చిన ఇంకో ఫార్ములా పెట్టండి. హెర్మేయుస్ కొడుకు దియో అనే విదేశీయుడి సాయంతో లూకియుస్ తితియుస్ దగ్గర బంగారు పాత్ర దొంగతనమైందనే కేసు. దొంగతనం మీద ఉన్న శాసనం రోమన్ పౌరులకే వర్తిస్తుంది, దియో పౌరుడు కాడు. అలాగని వదిలేస్తారా? ప్రేటర్ ఇలా రాశాడు: దియో సాయంతోనో సలహాతోనో దొంగతనం జరిగిందని తేలితే, “క్వామ్ ఒబ్ రెమ్ ఎఉమ్, సీ కీవిస్ రోమానుస్ ఎస్సెత్”, ఆ కారణంగా అతను, రోమన్ పౌరుడై ఉంటే, దొంగగా పరిహారం కట్టాల్సి వచ్చేదైతే...

ఒకే వాక్యంలో రెండు షరతులు. మొదటిది ‘సీ పారెత్’, విచారించమంటుంది. రెండోది ‘సీ ... ఎస్సెత్’, విచారించొద్దంటుంది. దియో పౌరుడు కాదని అందరికీ తెలుసు, జడ్జి దాని జోలికి వెళ్ళకుండా, పౌరుడే అనుకుని ముందుకు నడవాలి. క్రియారూపం మారితే జడ్జి చెయ్యాల్సిన పనే మారిపోయింది. ఇక్కడ ‘పౌరుడైతే’ అని తెలుగు చేస్తే, జడ్జి పౌరసత్వం కాగితాలు అడగాలేమో అనిపిస్తుంది. ‘పౌరుడై ఉండి ఉంటే’ అనే రాయాలి. పౌర చట్టం ప్రకారం వారసుడు కాకపోయినా ప్రేటర్ ఆస్తి అప్పగించినవాడి విషయంలోనూ ఇదే ఎత్తు: ‘సీ ... హేరేస్ ఎస్సెత్’, వారసుడై ఉండి ఉంటే.

అలాగని ఫార్ములాలో సబ్జంక్టివ్ కనపడగానే కల్పన అనుకోకండి. ప్రతివాది చెప్పుకునే అభ్యంతరాన్ని కూడా షరతుగానే చేర్చేవాళ్ళు, దానివల్ల శిక్ష షరతుతో కూడుకున్నదవుతుందని గాయుసే వివరించాడు. మోసం జరిగిందనే అభ్యంతరానికి “సీ ఇన్ ఎయా రే నిహిల్ దొలో మలో ... ఫక్తుమ్ సిత్ నెక్వె ఫీయత్”, ఈ వ్యవహారంలో వాది మోసమేమీ జరగకపోయి ఉంటే, జరగకుండా ఉంటే. ఇది సబ్జంక్టివే, కానీ జడ్జి దీన్ని తప్పకుండా విచారించాలి. దాని పక్కనే ‘డబ్బు అడగనని ఒప్పుకున్నారు’ అనే అభ్యంతరానికి “సీ ... నోన్ కొన్వేనిత్” అని ఇండికేటివ్‌లో ఇచ్చాడు. కాబట్టి ఇంపెర్ఫెక్ట్ సబ్జంక్టివ్ ‘ఎస్సెత్’కీ, ‘సిత్’కీ తేడా కళ్ళకు కట్టుకోండి. ఇంకో సంగతి గమనించారా? ప్రతివాది ‘మోసం జరిగింది’ అంటాడు, ఫార్ములాలో మాత్రం ‘మోసం జరగకపోతే’ అని తిరగేసి ఎక్కుతుంది. పరీక్షల్లో చాలామంది తప్పేది ఈ తిరగేతలోనే.

కాలం విషయానికొస్తే, పైన చెప్పిన జస్టీనియన్ ‘ఇన్‌స్టిట్యూట్స్’లోనే ఒక చిన్న పేరా ఉంది, దాన్ని దాటేయకండి. “సీ తితియుస్ కొన్సుల్ ఫక్తుస్ ఫుయెరిత్”, తితియుస్ కాన్సుల్ అయితే, అన్నది భవిష్యత్తు. అప్పటిదాకా బాధ్యత వేలాడుతూ ఉంటుంది. “సీ తితియుస్ కొన్సుల్ ఫుయిత్”, కాన్సుల్‌గా చేసి ఉంటే, అన్నది గతం. “సీ మైవియుస్ వీవిత్”, మైవియుస్ బతికుంటే, అన్నది వర్తమానం. గతం, వర్తమానం మీద పెట్టిన షరతు దేన్నీ వేలాడదీయదు. నిజం కాకపోతే ఒప్పందం అప్పుడే చెల్లదు, నిజమైతే అప్పుడే బాధ్యత. మనకు తెలియకపోవచ్చు గానీ, అసలు సంగతి ఇప్పటికే ఖాయమైపోయింది కదా. తెలుగులో ‘చేసి ఉంటే’ అనేదాంతో ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ‘ఫుయిత్’కీ అదే, జరగని గతాన్ని చెప్పే ‘ఫుయిస్సెత్’కీ అదే. ఫలితం భాగంలో ‘ఇస్తావా’ అని ఉంటే మొదటిది, ‘ఇచ్చేవాడివా’ అని ఉంటే రెండోది. షరతు భాగాన్ని విడిగా కోట్ చేసినప్పుడు ఈ ఆధారం పోతుంది, అప్పుడు ‘చేసి ఉన్న పక్షంలో’ లాంటి మాట వాడటం మేలు.

ఇక ఒక షరతు మీద ఇంకో షరతు ఎక్కితే ఏమవుతుందో చూపించే కేసు ఒకటి చెప్తాను. క్రీ.పూ. 93 ప్రాంతంలో రోములో పెద్ద చర్చ రేపిన కూరియుస్ కేసు. ఒకాయన వీలునామా రాశాడు: తనకు కొడుకు పుడితే వాడు వారసుడు, ఆ కొడుకు యుక్తవయసు రాకముందే చనిపోతే కూరియుస్ వారసుడు. ఆయన పోయాడు. కొడుకు అసలు పుట్టనేలేదు. దగ్గరి బంధువు కొపోనియుస్ ఆస్తి తనదన్నాడు. అతని తరఫున వాదించింది ఆ కాలంలో చట్టం తెలిసినవాళ్ళలో మేటి అయిన క్వింతుస్ ముకియుస్ స్కైవోలా: రెండో ‘సీ’ మొదటి ‘సీ’ మీద నిలబడింది, పుట్టనివాడు చనిపోలేడు, షరతు నెరవేరలేదు. కూరియుస్ తరఫున లూకియుస్ క్రస్సుస్: రాసినాయన మనసులో ఉన్నది ఒక్కటే, కొడుకు వారసుడిగా నిలవకపోతే కూరియుస్‌కు చెందాలని. నూరుగురి న్యాయస్థానం క్రస్సుస్ వైపు మొగ్గింది.

నా వరకు, వ్యాకరణంగా చూస్తే స్కైవోలా మాటే నిక్కచ్చి. రాత్రి దొంగ వాక్యంలోని మెట్ల వరస గుర్తుందా, ఆయన దాన్నే పట్టుకున్నాడు. కానీ వీలునామాలో మాట్లాడేది శాసనం కాదు, ఒక ఇంటి యజమాని. ఆయన మాటను శాసనం చదివినట్టు చదవాలా అన్నదే అసలు తగువు. తర్వాత ఎన్నో తరాలకు, మార్కస్ ఆరీలియస్, వేరుస్ కలిసి ఏలిన రోజుల్లో (161–169), ఈ రెండు పరిస్థితుల్లో (కొడుకు వారసుడే కాకపోవడం, వారసుడై యుక్తవయసు రాకముందే పోవడం) ఒకదానికి ప్రత్యామ్నాయ వారసుణ్ని పేర్కొంటే రెండోదానికీ పేర్కొన్నట్టేనని చక్రవర్తుల నిర్ణయం వచ్చింది.

‘నిసి’, ‘సీ నోన్’ గురించి మీరు అడగలేదు గానీ రెండు ముక్కలు. ‘సీ నోన్’ ముందు చెప్పిన షరతుకు ఎదురు షరతు పెడుతుంది, పైన ‘సీ నోన్ పారెత్’ అలాంటిదే. ‘నిసి’ ఒక మినహాయింపు తెరుస్తుంది. ఓడవాళ్ళు, సత్రంవాళ్ళు, గుర్రపుశాలవాళ్ళు భద్రంగా ఉంచుతామని తీసుకున్న వస్తువులను “నిసి రెస్తితుఎంత్, ఇన్ ఎయోస్ యూదికియుమ్ దబో”, తిరిగి ఇవ్వకపోతే వాళ్ళ మీద దావాకు అనుమతిస్తాను. ‘దబో’, ‘ఇస్తాను’ అనేది ప్రేటర్ సొంత గొంతు. తన పదవీకాలంలో తాను చేయబోయేది చెప్తున్నాడు, అందుకే షరతులోనూ నేరుగా భవిష్యత్ ఇండికేటివ్.

కాబట్టి మీ ‘చేసినచో’ను శాసనాలకు, ప్రేటర్ ప్రకటనలకు ఉంచుకోండి, అక్కడ అది బాగా అతుకుతుంది. ఫార్ములాలో ‘అని తేలితే’, కల్పనలో ‘అయి ఉండి ఉంటే’, తిరిగి చెప్పినచోట మామూలు ‘ఉంటే’తో పాటు ‘అని’, వీలునామాలో రాసినాయన మాట్లాడినట్టుండే ‘పుడితే, చనిపోతే’ వాడండి.

అనువదించే ముందు మీ ఎడిషన్ కింది నోట్సు కూడా చూడండి. అక్విలియన్ చట్టం మూడో అధ్యాయంలో నష్టం లెక్కకు 30 రోజుల విలువ అన్నారు. డైజెస్ట్‌లో న్యాయవేత్త ఉల్పియన్ ఒకచోట దాన్ని ‘ఎరిత్’ అనీ, అదే శీర్షిక కింద కాస్త తర్వాత ‘ఫుయిత్’ అనీ ఉటంకించినట్టు ఉంది. ‘ఎరిత్’ అయితే రాబోయే 30 రోజులు, ‘ఫుయిత్’ అయితే గడిచిన 30 రోజులు. పండితులు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నారు, మొదటిచోట కూడా ‘ఫుయిత్’ అని దిద్దుకున్న సంపాదకులు ఉన్నారు. మీ చేతిలో ఉన్నది దిద్దిన పాఠమో, దిద్దనిదో తెలుసుకున్నాకే ఆ వాక్యం ముట్టుకోండి.